పరగడుపు బిళ్ళ

మా నాయనమ్మ వస్తోందంటే, నా చిన్నప్పుడు, మనిషి కంటే ముందు మూలుగు వచ్చేది. మోకాళ్ళు అరిగిపోయాయి. అడుగుకొకసారి "ప్రభువా" అనుకుంటూ నడిచేది. కర్లపాలెంలో మా వీధి వీధంతా ఆ మూలుగుకు అలవాటు పడిపోయింది.

ఆ ఏడు తెనాలి డాక్టరుగారు కీళ్ళ నొప్పులకు బిళ్ళలు రాసిచ్చారు. వారం తిరక్కుండానే మూలుగు ఆగిపోయింది. అందరూ సంతోషించారు గానీ నాకు భయం పట్టుకుంది. పట్టపగలు ఆడుకుంటూ తల తిప్పితే వెనకే నిలబడి ఉండేది, చప్పుడు లేకుండా, తెల్లచీరలో, నవ్వుతూ. రోజురోజుకీ మొహం కూడా చీర రంగుకు తిరుగుతోంది. దెయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా, ఆవిడ పాదాలు దొంగతనంగా చూసుకునేదాన్ని. ముందుకే ఉండేవి. అయినా నమ్మకం కుదిరేది కాదు.

అవి గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలు. సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా ఆవిడ మెతుకు ముట్టదు. అన్నం తిన్నాక వేసుకోమన్న బిళ్ళను పొద్దున్నే పరగడుపున మింగేసేది. మందు తిండి కాదు కాబట్టి ఉపవాసం చెడదని ఆవిడ వాదన. భక్తికి లోటు లేదు, మొండితనానికి అసలే లేదు. ఒకరోజు దొడ్డికి వెళ్ళివస్తూ గోడ పట్టుకుని కూలబడింది. నేను దొడ్లోకి తొంగిచూస్తే విరేచనం తారులా నల్లగా ఉంది. తెలిస్తే ఉపవాసం మాన్పించేస్తారని, ఎవరికీ చెప్పనని నా దగ్గర మాట తీసుకుంది. మాట తప్పితే నరకమని సండే స్కూల్లో విన్నదాన్ని, నోరు కుట్టేసుకున్నాను. ఆవిడ చచ్చిపోతుందని మాత్రం నాకు తెలిసిపోయింది.

పక్కింట్లో నర్సుగా చేసే అక్క ఉండేది. ఆ సాయంత్రం నన్ను ఆపి, "నాయనమ్మకి నొప్పులెలా ఉన్నాయే?" అనడిగింది. అస్సల్లేవక్కా అంటూనే ఏడ్చేశాను. అక్క నా మొహంలోకి చూసి పక్కన కూర్చుంది.

"నువ్వేం చెప్పొద్దులే. నేనడుగుతా, తలూపు చాలు."

బిళ్ళ పరగడుపునే వేసుకుంటోందా, విరేచనం నల్లగా అవుతోందా అని అడిగింది. రెంటికీ ఊపాను. అక్క పరుగున మా ఇంటికి వచ్చి నాయనమ్మ కంటి కింది రెప్ప లాగి చూసింది. నెత్తురు చాయే లేదు. "నొప్పి ఎక్కడికీ పోలేదు మామ్మగారూ, కడుపులోకి దిగింది. లోపల పుండు పడి రక్తం పోతోంది" అంది.

అద్దె కారులో బాపట్ల ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రక్తం ఎక్కించాక బతికింది. నాతో మాత్రం వారం రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు నాకూ నాయనమ్మ వయసొచ్చింది. బాధలు చెప్పుకునేవాళ్ళను చూస్తే నాకు నిశ్చింత. నాకే నొప్పీ లేదమ్మా అని నవ్వేవాళ్ళ దగ్గరే కాసేపు ఎక్కువ కూర్చుంటాను. చెప్పకూడనిదేదైనా ఉంటే చెప్పొద్దు, తలూపు చాలంటాను.