కడగని ప్లేటు

జయకుమారి రోజూ ఉదయం ఎనిమిదింటికి వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టె తలుపు తీసి, రోగుల చీమో రక్తమో పూసి రెండు రోజుల కిందట పెట్టిన గాజు పళ్ళేలను కిటికీ వెలుగులో ఒక్కొక్కటిగా చూసేది. చుక్కలు కనిపిస్తే అది ఏ సూక్ష్మజీవో తేల్చేది. కనిపించకపోతే ‘నో గ్రోత్’ అని రాసి సంతకం పెట్టేది. జంషెడ్‌పూర్‌లో ఒక ఆస్పత్రి ల్యాబులో 1971 నుంచి ఆమె ఉద్యోగం ఇదే.

ఊళ్ళోని బర్మామైన్స్ పేటలో ఆమె ఇంటికి రెండు సందుల అవతల అప్పన్న ఉండేవాడు. టాటానగర్ రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. 1979లో పెట్టెలను ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకి మార్చే షంటింగ్ జరుగుతుండగా జారిపడ్డాడు. ఎడమ మోకాలి కింద ఎముక విరిగితే స్టీలు ప్లేటు వేసి స్క్రూలతో బిగించారు. ఎముక అతకలేదు. కుట్టు పక్కన చిన్న రంధ్రం పడి చీము కారేది. ఆ చీములో ఏమీ లేదని ల్యాబు రాసిస్తే కూర్చుని చేసే పని ఇప్పిస్తామన్నారు రైల్వేవాళ్ళు. అందుకే రిపోర్టు కోసం అప్పన్న తనే వచ్చేవాడు.

“ఏటొచ్చిందమ్మా?”

“ఏమీ పెరగలేదు.”

“అదీ! నా కాల్లో పురుగుల్లేవంటే మా ఆడది నమ్మదు. పెద్దచ్చరాలతో రాసీండి. మా బడే సాబ్‌కి కళ్ళజోడెట్టుకుంటే నామోషీ.”

పెద్ద అక్షరాలతోనే రాసింది. రెండేళ్ళలో అలాంటివి పదకొండు కాగితాలు. అప్పన్న వాటిని రైల్వే పాసుతో పాటు ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు.

1981లో సర్జన్ ఆమెకు ఫోను చేసి, చీము శుభ్రమేనా అని అడిగాడు. శుభ్రమే అంది. ఆయన వదులైన ప్లేటు తీసి, అదే చోట కొత్తది బిగించాడు.

తీసిన ప్లేటు రోగికి ఇచ్చేయడం అక్కడి అలవాటు. ఉక్కు పని చేసేవాళ్ళ ఊరు. మంచి స్టీలును ఎవరూ వదులుకోరు. ఆపరేషన్ థియేటర్ సిస్టర్ అంతోనమ్మ ప్రతి ప్లేటునూ సబ్బుతో, బ్రష్షుతో తోమి, డెటాల్లో ముంచి, గాజుగుడ్డలో చుట్టి ఇచ్చేది. రంధ్రాలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి అప్పన్న దాన్ని వంటగది తలుపుకు గడియగా బిగించుకున్నాడు.

మరుసటి ఏడాది జయకుమారికి పోస్టులో ఒక విదేశీ వ్యాసం నకలు వచ్చింది. శరీరంలో పెట్టిన గొట్టాల మీద సూక్ష్మజీవులు అతుక్కుని, చుట్టూ బంక పొర కట్టుకుంటాయని అందులో ఉంది. విడిగా తేలేవి మందుకు చస్తాయి. పొర కిందివి చావవు. చీము పరీక్షలో అవి కనిపించవు. రెండుసార్లు చదివి, థియేటర్‌కు వెళ్ళింది.

“అక్కా, ఇకమీద తీసిన ప్లేటు కడగకుండా నాకు పంపుతావా?”

“ఛీ! ఆ రగతంతోనే? నా థియేటర్లోంచి అలాటిది బయటికెళ్తే నా పరువేటి కావాలి?”

“దానిమీద బంక ఏమైనా ఉంటుందా?”

“ఉండదేటి! బెండకాయలు కోసిన కత్తిలాగుంటాది. అది వదిలేసరికి నా చేతులు పడిపోతాయి.”

“ఎన్నేళ్ళుగా తోముతున్నావు?”

“పదమూడేళ్ళు. ఒక్కడు మెచ్చుకోలేదు.”

జయకుమారి “తర్వాతిది తోమకు,” అంది.

తర్వాతిది అప్పన్నదే. 1983 మార్చిలో అతని రెండో ప్లేటు కూడా వదులైతే తీసేశారు; అది మూత డబ్బాలో ల్యాబుకు వచ్చింది. దాన్ని బ్లేడుతో గీకి, ఆ గీకుడును పెంపకానికి పెట్టింది. రెండో రోజు ఏమీ లేదు. వెనకటి లెక్కన ఆ రోజే సంతకం పెట్టేయాలి. పెట్టలేదు. ఐదో రోజున ఆవగింజలో సగం లేని చుక్కలు లేచాయి. అందరి చర్మం మీదా ఉండే రకం. అలాంటిది కనిపిస్తే ఎవరి చేతినుంచో పడిందనుకుని ఆమె అన్నేళ్ళూ పారేస్తూ వచ్చింది.

సర్జన్‌కు ఫోను చేసింది. ఎముక చాలా దూరం పోయిందని, ఈ మాట నాలుగేళ్ళ కిందట తెలియాల్సిందని ఆయన అన్నాడు. ఆమె ఫోను పెట్టేసి తర్వాతి పళ్ళెం చేతిలోకి తీసుకుంది. ఆ శుక్రవారం అప్పన్న కాలు మోకాలి పై దాకా తీసేశారు.

జూన్‌లో అతను చంకకర్రల మీద ల్యాబుకు వచ్చాడు.

“నా రెండో ప్లేటేదమ్మా? పెరటి తలుపుకి గడియ లేదు.”

“ఇక్కడే ఉంది. పురుగులు దానిమీదే ఉన్నాయి. మీకిచ్చిన ఆ పదకొండు కాగితాలూ తప్పు.”

“సంతకం మీదే గదా?”

“నాదే.”

అప్పన్న ఒక కర్ర మీంచి రెండో కర్ర మీదికి ఒరిగాడు. “మొదటిది కూడా కావాలేటి? ఊడదీసి తెత్తాను.”

“కడిగింది పనికిరాదు.”

“అయితే ఇదుంచుకోండి,” అని వెళ్ళిపోయాడు.

అంతోనమ్మ తోమడం మానేసింది. 1986 నాటికి ముప్పై ఎనిమిది ప్లేట్లు వచ్చాయి. ఇరవై ఏడింటి మీద సూక్ష్మజీవులు పెరిగాయి. జయకుమారి ఆ ఏడాది తన మొదటి వ్యాసం టైపు చేసింది. పట్టికలో రోగుల పేర్లు ఉండవు. మొదటి వరుస ఇది: పురుషుడు, 41 ఏళ్ళు, ఎడమ కాలు. చీము పరీక్షలు పదకొండు, ఏమీ పెరగలేదు. ప్లేటు గీకుడు ఒకటి, ఐదో రోజున పెరిగింది.