అప్పజెప్పిన ఐదు మాటలు

మెడలో టేపు తీయడం మరిచిపోయి వచ్చే ఆ ముసలి టైలరు, మతిమరుపు జబ్బుకు కొత్త మందు పరీక్షిస్తున్న ఆస్పత్రి గదికి నెలనెలా భార్యను తీసుకొస్తాడు. అక్కడ పెట్టే జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు తగ్గితే మందు ఆపేస్తారని ఆయన భయం. అందుకే ప్రతిసారీ అక్కడ అడిగే ఐదు మాటలను, ఇంట్లో కాజాలు కుడుతూ ఆమె చేత పొద్దస్తమానం వల్లె వేయిస్తాడు. ఈసారి ఆమె "తాళం, గుర్రం, నిమ్మకాయ, వంతెన, దుప్పటి" అని తడుముకోకుండా అప్పజెప్పింది. టైలరు టేపు కొస వేలికి చుట్టుకుంటూ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"బాగా చెప్పారమ్మా," అంది నర్సు, మార్కులు వేసుకుంటూ. "మీతో వచ్చిన ఈయన ఎవరు?"

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మాటలు నేర్పే మాస్టారు. క్షణం ఊపిరి తీసుకోనివ్వడు. మా ఆయనతో చెప్పి మానిపిస్తాను."