బోటుకి అడుగెంత?

నిన్న మణవాళనగర్ టీ కొట్టు పక్క పొలంలో డీజిల్ ఇంజను స్టార్టయింది. బోటు ఇంజనులాంటి ఆ మోతకు, ఆ పొగ వాసనకు ఒక కుర్రవాడు నవ్వి, "బోటుకి అడుగెంత సామీ?" అన్నాడు. కొట్టంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మునిరత్నం అన్న పోయి నాలుగేళ్ళయినా ఆయన్ను ఈ నవ్వు వదలలేదు. దాన్ని పుట్టించినవాణ్ణి నేనే.

అన్న వాళ్ళది అత్తిమంజేరిపేట నేత కుటుంబం. మగ్గాలు ఆపేశాక తిరువళ్ళూరు దగ్గర ఒక చెరువులో షికారు బోటు నడిపేవాడు. నేను ఆయన మేనేజరును. పాత బోటు పాడైతే కొత్తదాని కోసం ఇద్దరం చెన్నై వెళ్ళాం. ఆరుగురు పట్టేది ఒకటి, పన్నెండుమంది పట్టేది ఒకటి చూపించారు. నా కళ్ళు పెద్దదాని మీదే. అన్న దాని పక్కన గొంతుక్కూర్చుని, కింద చేత్తో తడిమి, "అడి ఎవ్వళవు?" అని, అంటే అడుగెంతని, తమిళంలో అడిగాడు. "ఇరవై రెండు అడి సార్" అని సేల్స్‌మన్ పొడవు చెప్పాడు.

"పొడుగెవరడిగినారబ్బా? అడుగు నీళ్ళలో ఎంత లోతుకి దిగుతుందని అడిగినా" అంటూ అన్న జేబులోంచి నూలుతాడు తీశాడు. మూరకొక ముడి. కొసకు రాయి కట్టి, ఎండాకాలంలో దాంతో చెరువు లోతు కొలిచాడట. "బండల కాడ రెండో ముడి తడవల్యా గజా. చిన్నదే సాలు."

"వ్యాన్లో వచ్చినోళ్ళని సగంమందిని గట్టున నిలబెడతామా అన్నా? నువ్వింకా మగ్గం గుంతలోనే ఉండావు!"

అన్న తాడు చుట్టాడు. "సరే, నీ మాటే కానీ. దించేముందు కొలుచుకో" అని ఆ తాడు నా చేతిలో పెట్టాడు.

ఊళ్ళో ఈ కథ చెప్పిన ప్రతిసారీ నేను సేల్స్‌మన్ జవాబు దగ్గరే ఆపేశాను. అంతవరకే నవ్వొస్తుంది.

ఆడికృత్తిక పండక్కి అన్న కావడి ఎత్తుకుని తిరుత్తణి వెళ్ళాడు. చెరువు బాగా తగ్గి ఉంది. వ్యాను నిండా జనం వచ్చారు. నేను పెద్ద బోటు దించాను. బండ తగిలి అది ఒక్క కుదుపుతో ఆగింది. ఒక పెద్దావిడ పడి మణికట్టు విరిగింది. గుండుకు గంధంతో అన్న తిరిగొచ్చేసరికి ఆమె కొడుకు నా చొక్కా పట్టుకుని, ఎవడు దించమన్నాడని అరుస్తున్నాడు.

"నాన్‌దాన్" అన్నాడు అన్న. నేనే, అని.

వాళ్ళు వెళ్ళాక ఎందుకన్నా అంటే, "పిల్లలు గలోడివి. రేపు ఇంకొకరు నీకు పనియ్యొద్దా?" అన్నాడు. బోటు ఆ రోజుతో ఆగిపోయింది. మునిరత్నం పెద్దదానికి ఆశపడి మునిగినాడంది ఊరు. ఎవరి ఆశ? ఎవరు కొలవమన్నారు, ఎవరు కొలవలేదు? ఆయన పెద్దకర్మ భోజనాల్లో కూడా 'బోటుకి అడుగెంత' అని నవ్వారు. వాళ్ళకేం తెలుసు? తెలిసిన నేను తల వంచుకుని తిన్నాను.

నిన్న మాత్రం గ్లాసు కింద పెట్టి, మిగిలిన సగం చెప్పాను. నవ్విన కుర్రవాడే అడిగాడు: "ఇన్నేండ్లు ఈ మాట యాడ పెట్టినావు మామా?"

జేబులోంచి తాడు తీసి చూపించాను. బోటు దించిన రోజు కూడా అది నా జేబులోనే ఉంది. ఒక్క ముడీ తడవలేదు.