వంతులవారీ బేరం

నెల రోజులుగా పక్క హోల్‌సేలు కొట్టాయన నా కొట్టు తనకు అమ్మమని మనుషుల్ని పంపుతున్నాడు. పొద్దున్న వాళ్ల బావ వస్తాడు. ఆయన లేచి వెళ్లేసరికి చికిటి ఊరి నుంచి మేనమామ దిగుతాడు. సాయంత్రం కొట్టాయన తల్లి.

"ఏటి బాబూ, ఈ వయసులో నీకు కొట్టెందుకు? మోకాళ్లు సూసుకో."

"కూకోడానికే పనికొస్తన్నాయమ్మా. ఇంటికెల్తే మెట్లెక్కనంటాయి."

నవ్వించి పంపేస్తాను. కానీ ఈ కొట్టు పోతే పగలంతా బరంపురంలో ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియదు.

వర్తక సంఘానికి ఇంగ్లీషులో ఫిర్యాదు రాద్దామనుకున్నాను. సరిగా అర్థం కాదు కనుక అందరూ భయపడతారు. 'వేధించడం' అనేదానికి మాట వెతికితే నిఘంటువులో 'బ్యాడ్జర్' తగిలింది. అది బొరియలో ఉండే జంతువు. నుదుటి మీది తెల్లచార బ్యాడ్జిలా ఉంటుందని ఆ పేరు వచ్చి ఉండొచ్చట. పూర్వం ఇంగ్లండులో దాన్ని పెట్టెలో పెట్టి కుక్కల్ని ఉసిగొల్పేవారట. ఒకటి అలిసిపోతే ఇంకొకటి. కుక్కలకు విశ్రాంతి ఉండేది, దానికి ఉండేది కాదు. వదలకుండా సతాయించడానికి చివరకు దాని పేరే మాటయింది.

అక్కడే నా పెన్ను ఆగింది. వంతులవారీ బేరం మా ఇంటి పద్ధతి. ఒక్కరే బేరమాడితే ఇద్దరూ అలుస్తారు, మన మనుషులు మారుతుంటే ఎదుటివాడొక్కడే అలుస్తాడని నాన్న నేర్పాడు. ఈ కొట్టు అలా వచ్చిందే. ఇక్కడ గొడుగులు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. పొద్దున్న నాన్న, మధ్యాహ్నం పిన్ని, సాయంత్రం తీయటి మాటలతో నేను. పదకొండో రోజు ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ధర నువ్వే సెప్పు బాబూ. రేపు మీ పిన్నిని మాత్రం పంపకు."

ఆ మాట చెప్పి ఎన్ని పెళ్లిళ్లలో నవ్వించానో.

ఫిర్యాదు పూర్తి చేయలేదు. సాయంత్రం పెద్దావిడ వచ్చింది.

"మీ వంతు ఎంతసేపమ్మా?" అన్నాను.

ఆవిడ తలొంచుకుంది. "సీకటి పడేదాకా."

"రేపు మీ అబ్బాయినే రమ్మనండి. తనొక్కడు, నేనొక్కణ్ణి. మాటాడుకుంటాం."

"మరి అమ్ముతావా?"

"ఏమో. అలిస్తే ఇద్దరం అలుస్తాం."

ఇక చెప్పాల్సిందేమీ లేకపోయినా ఆవిడ లేవలేదు. మంచినీళ్లు అడిగింది.