స్టోర్ రూములోంచి వచ్చే కిరణ్ మేమ్

2004 డిసెంబరు. అప్పుడు నేను దేశ రాజధానిలో సాకేత్ అనే పేటలో, చిన్నపిల్లల చదువుల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో పనిచేస్తున్నాను. చేరి ఆరేళ్లయింది. నాలుగేళ్ల పిల్లల గురించి నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. ఆ పొగరు ఫరీదాబాద్‌లో ఒక నర్సరీ బడిలో దిగిపోయింది.

నా అసలు టాపిక్ పిల్లల బొమ్మలు. కాగితం, క్రేయాన్లు ఇచ్చి మీ బడి బొమ్మ వెయ్యమంటే ఏం వేస్తారో చూసి, బడిని వాళ్లెలా అర్థం చేసుకుంటున్నారో రాయాలి. దానికి ముందు రెండు రోజులు తరగతిలో ఓ మూల కూర్చుని అబ్జర్వేషన్ షీట్ నింపాలి. ఏ పిల్ల ఎవరితో ఆడింది, ఎవరు ఏడ్చారు, టీచర్లెందరు, ఇవన్నీ ఐదు నిమిషాలకోసారి రాసుకునే కాగితం అది. పిల్లల మీంచి చూపు తిప్పకూడదని మా పనిలో నియమం. నేను దాన్ని తు.చ. తప్పకుండా పాటించేదాన్ని.

ఆ బడి ఒక ఇంటి కింది వాటా. ఒక హాలు, దాన్నానుకుని స్టోర్ రూము. బయట పొగమంచు, లోపల ఒకే ట్యూబ్‌లైటు. ఇంగ్లీషుకి ఒక మేమ్, ఆటపాటలకి ఇంకో మేమ్ అని గేటు మీద బోర్డు. ఓనరే గేటు దగ్గర నిలబడి పిల్లల్ని లోపలికి తీసుకునేవాడు, తల్లిదండ్రుల్ని అక్కడి నుంచే పంపేసేవాడు. రెండు రోజులూ నా షీట్‌లో ఒకే మాట రాశాను: టీచర్లు ఇద్దరు. ఇంటర్వెల్ దాకా సరితా మేమ్, గులాబీ చున్నీ. తర్వాత కిరణ్ మేమ్, ఆకుపచ్చ చున్నీ, కళ్లద్దాలు.

మూడో రోజు పిల్లలు వేసిన బొమ్మలు చాప మీద పరిచాను. సగానికి పైగా కాగితాల్లో ఒక మూల నల్లటి పెట్టె ఉంది. పెట్టెలో ఒక మనిషి. ఒకరిది చూసి ఒకరు వేశారనుకున్నాను గానీ, వాళ్లు కూర్చున్నది వేర్వేరు వరసల్లో.

పింకీ అనే పిల్లని హిందీలో అడిగాను. "ఈ నల్లదేంటమ్మా?"

"స్టోర్."

"లోపలెవరు?"

"కిరణ్ మేమ్. సరితా మేమ్ లోపలికెళ్తే కిరణ్ మేమ్ బయటికొస్తుంది." ఆ పిల్ల నా చెవి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మేం ఇంటికెళ్లిపోయాక, లోపలుండిపోయిన సరితా మేమ్‌ని ఎవరు తీస్తారు?"

అప్పుడే ఇంటర్వెల్ బెల్లు మోగింది. సరితా మేమ్ స్టోర్ రూములోకి వెళ్లి తలుపేసుకుంది. ఆ గదికి ఇంకో దారి లేదు. నేను వెళ్లి తలుపు తోశాను.

మేకుకి గులాబీ చున్నీ వేలాడుతోంది. చేతిలో అద్దం ముక్క పట్టుకుని, ఆకుపచ్చ చున్నీకి పిన్ను పెట్టుకుంటూ ఆవిడ ఒక్కతే ఉంది. నా నోట "అయ్యో" అని తెలుగే వచ్చింది.

ఆవిడ అద్దంలోంచే నన్ను చూసింది. "తెలుగోలా అమ్మా మీరు?" అంది. "ఎవులికీ సెప్పకండి. మా ఆయన ఫ్యాక్టరీ మూసేసినారు. ఈ పని పోతే మాకు ఇల్లు గడవదు."

శ్రీకాకుళం వైపు మనిషి. పేరు అప్పలనర్స. ఇంటర్ చదివింది. ఆ పేరు పిల్లలకి నోరు తిరగదని ఓనరు ఈవిడకి, అంతకుముందు మానేసిన సరిత పేరు పెట్టాడట. తర్వాత కిరణ్ కూడా మానేస్తే ఆ పేరూ ఈవిడ నెత్తినే పెట్టాడు. ఇద్దరు మేములున్నారని పిల్లలు ఇంట్లో చెప్పాలి కదా, అందుకు ఈ చున్నీలు.

"జీతం ఎంతిస్తారు?"

"సరితకి ఎనిమిదొందలు."

"మరి కిరణ్‌కి?"

"కిరణ్‌కేటిస్తారమ్మా? కిరణ్ నేదు కదా." కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. "ఒక్కోపాలి తలుపేసుకున్నాక ఏ చున్నీతో వచ్చినానో గుర్తుండదు. ఇంటికాడ పాప అమ్మా అంటే, ఎవుల్ని పిలుస్తందోనని ఎనక్కి చూస్తాను."

ఓనరు మీద కోపం వచ్చింది. "ఇద్దరి పని చేస్తున్నారు, రెండో జీతం కూడా అడగండి," అని గభాల్న అనేశాను. నాదేం పోయింది. ఆవిడ గొంతు సవరించుకుని, సరితది కాని సన్నటి గొంతుతో "చలో బచ్చో" అంటూ బయటికి వెళ్లింది.

నెలరోజులు ఆ నల్ల పెట్టెలే కళ్లముందు. మా గైడ్ సుభద్ర గారి దగ్గరికెళ్లి టాపిక్ మార్చుకుంటానన్నాను, నర్సరీ టీచర్ల జీతాలు అని.

"మనది పిల్లల సంస్థ అమ్మా. జీతాల గొడవ లేబర్ వాళ్లు చూసుకుంటారు," అన్నారావిడ.

బడి పేరు చెప్పకుండా బొమ్మలు ఆవిడ ముందు పెట్టి, జరిగింది చెప్పాను. ఒక్కొక్కటే చాలాసేపు చూశారు. "నువ్వు రెండు రోజులు అక్కడే కూర్చుని ఇద్దరని రాశావా?" అని అడిగారు. అవునన్నాను. "అచ్ఛా, అయితే ఆ టాపిక్కే తీసుకో," అన్నారు.

మార్చిలో ప్రశ్నల ఫారాలు పట్టుకుని మొదట ఆ బడికే వెళ్లాను. గులాబీ చున్నీ నాకు వీపు చేసి బోర్డు తుడుస్తోంది. "అప్పలనర్స గారూ," అని పిలిచాను. తిరిగింది ఇరవయ్యేళ్లు కూడా నిండని ఒక కొత్త పిల్ల. బెల్లు మోగింది. స్టోర్ రూములోకి వెళ్లింది. ఆకుపచ్చ చున్నీతో, అవే కళ్లద్దాలతో బయటికొచ్చింది. "గుడ్ మార్నింగ్ కిరణ్ మేమ్," అని పిల్లలంతా పాడారు.

ఆ అమ్మాయిని పక్కకి పిలిచి అడిగితే హిందీలో మెల్లగా చెప్పింది. "ముందావిడ రెండో జీతం అడిగిందట దీదీ. మర్నాటి నుంచి రావద్దన్నారట. ఎక్కడికెళ్లిందో తెలీదు."

నా మాట వినే అడిగింది. పింకీ నా పక్కనే నిలబడి ఉంది. "ముందున్న సరితా మేమ్ ఏదమ్మా?" అన్నాను. ఆ పిల్ల ఏమాత్రం తడుముకోకుండా స్టోర్ రూము తలుపు చూపించింది. "లోపలుంది. ఈసారి ఎవరూ తియ్యలేదు."

నేను తలుపు తీసి చూశాను. మేకుకి గులాబీ చున్నీ ఉంది. సరిత ఉంది, కిరణ్ ఉంది, అప్పలనర్స ఒక్కతే లేదు. ఆవిడ కోసం రెండేళ్లు వెతికాను, దొరకలేదు.

ఆ తర్వాత చాలా బడుల్లో జీతాల ఫారాలు నింపించాను. ఒకరి ఉద్యోగం మీదికొచ్చే సలహా ఎవరికీ ఇవ్వలేదు. ఏ బడికెళ్లినా ముందు టీచర్ ముఖం చూస్తాను, మీ ఇంట్లో పెట్టిన పేరేంటని అడుగుతాను, జీతం ఆ పేరు పక్కనే రాస్తాను. ఆ బడిలో స్టోర్ రూము ఉంటే, వచ్చేముందు దాని తలుపొకసారి తీసి చూస్తాను.