మేక దిగిన నిచ్చెన

పోయిన వారం మా మనవడు పలకల కార్ఖానాలో మెట్ల మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే మార్కాపురం ఆస్పత్రికి నేనూ వెంట వెళ్లాను. ఎక్కడ పడ్డాడు, ఎట్లా పడ్డాడు అని అడిగితే చెప్పడానికి దారి పొడుగునా మంచి కథ ఒకటి అల్లుకున్నాను గానీ, కౌంటర్లోని అమ్మాయి సర్కారు ఇచ్చిన ఆరోగ్య కార్డు చూసి లోపలికి పంపిందే తప్ప ఒక్క ప్రశ్నా వేయలేదు. నా ఈడు వాళ్లకు నా నిరాశ అర్థమవుతుంది. మన రోజుల్లో దెబ్బ ఎంత పెద్దదన్నది తర్వాత సంగతి, అది ఎక్కడ తగిలిందన్నదే ముందు తేలాలి.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. నేనూ మా చిన్న మామా ఒకే గనిలో పలకరాయి పొరలు చీల్చేవాళ్లం. గనిలో దెబ్బ తగిలితే వైద్యం గని యజమాని షావుకారు చేయించాలి, ఇంట్లో తగిలితే ఎవరి తిప్పలు వాళ్లవి. మా మామ కర్మకొద్దీ మధ్యాహ్నం కూటికి ఇంటికి పోయి, కొట్టం కప్పెక్కి గడ్డి పీకుతున్న మేకను దింపబోయి, దానికన్నా ముందు తానే కిందికి వచ్చాడు. కట్లు కట్టే పెద్దాయన చూసి, ఇది నా వల్ల కాదు, పెద్దాస్పత్రికి పోకపోతే కాలు దక్కదన్నాడు. ఆ ఇంట్లో అమ్ముకోవడానికి ఆ మేక తప్ప మరేమీ లేదు.

ఇంకేం చేస్తాం, మామను మంచం మీద గనికి మోసుకెళ్లి, రాళ్లు పైకి లాగే తాళ్లతో మంచాన్ని లోపలికి దించి, మామను నిచ్చెన కింద నేల మీద పడుకోబెట్టాం. కాలు విరిగిన మనిషిని ఆస్పత్రికి చేర్చే ముందు గుంతలోకి దించిన ఘనత ప్రపంచంలో మా ఒక్కరిదే. నమ్మితే నమ్మండి, వెంటపడి వచ్చిన ఆ మేక మాకన్నా ముందే నిచ్చెన దిగి మామ పక్కన నిలబడింది.

కబురు అందుకుని వచ్చిన షావుకారు గట్టు మీద నుంచి తొంగి చూశాడు.

“ఏందిరా, మేక గూడా పలకలు చీల్చను వచ్చినాదా?”

మామ వెంట గనిలోకి దిగిన మా అత్త అందుకుంది: “కూడు తెచ్చినా షావుకారూ, నా ఎంబడి వచ్చినాది.”

“మరి ఈయప్ప ఎట్ల పడినాడు?”

అంత నొప్పిలోనూ మామ మూలుగుతూ, “పైనుంచి మూడో మెట్టు ఊగుతాండాదని ఎన్నిసార్లు చెప్పినాము షావుకారూ” అన్నాడు. అది మాత్రం అచ్చమైన నిజం. ఆ నిచ్చెన సంగతి ఏడాదిగా మొత్తుకుంటూనే ఉన్నాం. షావుకారు దిగుతూ ఆ మెట్టు మీద కాలు మోపాడు, మెట్టు ఊడి కింద పడింది, ఆయన రెండు చేతులా నిచ్చెనను కావలించుకుని వేలాడాడు. మేం దించాక వంగి మామ జుట్టులోంచి కొట్టం గడ్డిపరక ఒకటి తీసి, దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, జీపు తెప్పించమన్నాడు. పోతూ పోతూ అత్త వైపు తిరిగి, “మీ కొట్టం కప్పు గూడా బాగు చేపిచ్చుకో అమ్మీ” అన్నాడు.

మామ కాలు దక్కింది. ఆయన తిరిగి వచ్చేసరికి గనిలో గట్టి తుమ్మకర్ర నిచ్చెన నిలబడి ఉంది. బతికున్నన్నాళ్లూ ఆయన దాన్ని నా కాలు కట్టించిన నిచ్చెన అనే చెప్పుకున్నాడు.

కార్డును నేను తప్పుపట్టను. అప్పుడే ఉంటే మామను గుంతలోకి దించే పనే ఉండేది కాదు. కానీ మా మనవడి యజమాని ఫోన్ చేసి, కార్డు ఉంది కదా తాతా, ఇంకేం భయం అని పెట్టేశాడు. ఎక్కడ పడ్డావని అడిగే అవసరం ఎవరికీ లేకపోయాక, పడిన చోటికి వచ్చి చూసేవాళ్లూ లేకపోయారు. కార్ఖానాలో మావాణ్ణి పడేసిన ఆ విరిగిన మెట్టు ఇంకా అట్లాగే ఉందట. దాని మీద కాలు మోపి చూడమని ఆ యజమానిని పిలవడానికి ఏం కథ చెప్పాలో, ఇన్ని కథలు చెప్పిన నాకే తోచడం లేదు.