లాప్‌టాప్‌కు గలీబు

బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు ఆడుతున్నంతసేపూ తెల్లదుమ్ము ఇళ్లలోకి వస్తూనే ఉంటుంది. కాపురానికొచ్చిన నాటినుంచీ నాగరత్నమ్మకు ఆ దుమ్ముతోనే పోరు. టీవీకి గలీబు, మిక్సీకి గలీబు, భర్త స్కూటర్ సీటుకు గలీబు. ఆమె ఎదుట కాసేపు కదలకుండా కూర్చుంటే మనకూ ఒకటి కుట్టేస్తుందని ఇరుగుపొరుగు వేళాకోళమాడేవాళ్లు. దేనికైనా గలీబు కుట్టిందంటే దానిమీద ఆమెకు ప్రాణమని అర్థం.

రెండువేల ఏడులో ఆ ఇంటికి కోడలు శ్రీవాసవి లాప్‌టాప్ తెచ్చుకుంది. మామ తిరుమలయ్యది బండల కొట్టు. ఏ రంగు బండ పక్కన ఏ రంగు పరిస్తే ఎలా ఉంటుందో తెరమీద గీసి కొనేవాళ్లకు చూపిస్తానందా పిల్ల. “బండలమ్మేదానికి బొమ్మలెందుకమ్మా?” అన్నాడు తిరుమలయ్య. నాగరత్నమ్మ పట్టుబట్టి ఆయన్ని ఒప్పించింది. తాను కొత్తకోడలిగా ఉన్నప్పుడు కొట్లో కూర్చుంటానంటే అత్తగారు నవ్వేసింది. ఆ నవ్వు ఆమెకింకా గుర్తే.

ఒప్పించిన మర్నాడే మెరూన్ రంగు మఖమల్ గుడ్డ తెప్పించింది. మూత తెరిచినా విప్పే పనిలేకుండా, అడుగునా పక్కలా ఒంటికి పట్టేసేలా ఎలాస్టిక్ వేసి గలీబు కుట్టింది. దానిమీద పచ్చ దారంతో చిలకనూ కుట్టింది. నేలబండ ఒరుసుకుంటుందేమోనని కింద బొంత పరిచింది.

ఆ తర్వాతే మొదలైంది తంటా. నడుస్తూ నడుస్తూ లాప్‌టాప్ బిగుసుకుపోయేది. ఏ మీట నొక్కినా ఉలకదు, పలకదు. ఒక్కోసారి దానంతటదే ఆరిపోయేది. కొడుకు జ్ఞానేశ్వర్ దాన్ని కర్నూలుకు పట్టుకెళ్తుంటే, బస్సులో మాసిపోతుందని నాగరత్నమ్మ గలీబు విప్పి దాచుకుంది. రిపేరు షాపతను వైరస్ అని తేల్చి, ఉన్నదంతా తుడిచి మళ్లీ ఎక్కించాడు. అతని బల్లమీద సాయంత్రందాకా బుద్ధిగా నడిచింది. ఇంటికొచ్చి గలీబు తొడుక్కుని బొంతెక్కగానే మళ్లీ మొరాయించింది. కరెంటు తప్పేమోనని స్టెబిలైజర్ కొన్నారు. నాగరత్నమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి కూడా తీసింది. ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గి చచ్చారు గానీ లాప్‌టాప్ దారికి రాలేదు.

ఇంతలో ఆదోనిలో కల్యాణమండపం కట్టిస్తున్న ఆసామి గురువారం వస్తానని కబురు పెట్టాడు. తిరుమలయ్య ఖరాఖండీగా చెప్పేశాడు.

“ఆయప్ప ముందర ఇది నిలబడిపాయనంటే అటకెక్కిస్తా. నువ్వు కొట్టు సంగతి మరిచిపో తల్లీ.”

కోడలి మొహం చూడలేకపోయింది నాగరత్నమ్మ.

బుధవారం మధ్యాహ్నం మజ్జిగ తీసుకెళ్తూ గడప దగ్గరే ఆగిపోయింది. గలీబు మడతపెట్టి పక్కనుంది. వట్టి నేలబండ మీద లాప్‌టాప్ హాయిగా నడుస్తోంది. కోడలు వేలు కదిపినప్పుడల్లా తెరమీద బండలు రంగులు మారుతున్నాయి. నాగరత్నమ్మ గాజులు గలగలమన్నాయి. శ్రీవాసవి గబగబా గలీబు తొడిగి, లాప్‌టాప్‌ను బొంతమీదికి చేర్చింది.

“ఎట్లుండాది వాసవీ?”

“బాగుండాది అత్తా.”

కోడలు మజ్జిగ తాగి, కాసేపు పని చేసుకునేదాకా కూర్చుని, నాగరత్నమ్మ దాని పక్కన చెయ్యి పెట్టి చూసింది. మఖమల్ పైకే పెనంలా కాలుతోంది. దానికి ఊపిరాడటం లేదు. ఊపిరాడనివ్వనిది వైరసూ కాదు, దిష్టీ కాదు, తానే. పైగా ఆ సంగతి ఈ పిల్లకు తెలుసు. అటకెక్కిస్తామన్నా అత్త పేరు బయటపెట్టలేదు. నాగరత్నమ్మకు సిగ్గేసింది, ఆ వెంటే కోడలి మీద చెప్పలేనంత ప్రేమ పొంగుకొచ్చింది.

శ్రీవాసవి స్నానానికి వెళ్లగానే కత్తెర తీసింది. లాప్‌టాప్‌కు గాలిసందులు ఎక్కడెక్కడున్నాయో వేలితో తడిమి చూసుకుని సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంది. పక్కనున్న పెద్ద సందు సరిగ్గా చిలక రెక్క కిందే పడింది. ఒక్క క్షణం చెయ్యాడలేదు. తర్వాత కసుక్కున కత్తిరించేసింది.

గురువారం కొట్లో ఆదోని ఆసామి కూర్చున్నాడు. నాగరత్నమ్మ గలీబుతో సహా లాప్‌టాప్ తెచ్చి వట్టి బండబల్ల మీద పెట్టింది. శ్రీవాసవి గలీబు అంచు పట్టుకుని ఆగిపోయింది. ఇంతమందిలో విప్పడమెలా?

“ఉండనీ పాపా, దానికిప్పుడు గాలాడతాది” అంది నాగరత్నమ్మ మెల్లగా.

అప్పుడు చూసింది శ్రీవాసవి. గాలిసందు ఉన్న ప్రతిచోటా గుడ్డ కత్తిరించి, అంచు పీచు రేగకుండా కాజాకుట్టు వేసి ఉంది.

లాప్‌టాప్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆసామి కుర్చీ ముందుకు లాక్కుని మరీ చూశాడు. తిరుమలయ్య కాఫీ చెప్పడానికి లేచాడు. ఆ సందులో శ్రీవాసవి అత్త చెయ్యి పట్టుకుని పక్కగదిలోకి లాగింది.

“చిలకను కోసేసినావే అత్తా!”

“చిలక ఇంగోటి కుట్టుకుంటాలే. నాకెందుకు చెప్పకపోతివి?”

“నువ్వు బాధపడతావని.”

“పిచ్చిదానా! నేను కూచుంటానంటే కూచోనియ్యని కొట్టు ఇది. నిన్ను కూచోబెట్టాలని నేనే కొట్లాడితిని. మళ్ల నేనే అడ్డం పడతానా?” నాగరత్నమ్మ కళ్లు తుడుచుకుంది.

కొట్లోంచి తిరుమలయ్య కేకేశాడు.

“వాసవీ, యాడికి పోతివమ్మా? ఆయప్ప ఇంగో రంగు చూపించమంటాండాడు. నాకు చేతకాదు, బిర్రీన రా!”

“పో, పిలుస్తాండాడు” అని నాగరత్నమ్మ కోడల్ని కొట్లోకి తోసింది.